నాలుగో లేను

తెల్లారగట్ల నాలుగున్నరకు
సూర్ స్టేడియంల ఇసుకకూ నాకూ పంచాయితి.
రాత్రంత అది వచ్చి పండుకుంటది,
నేను బ్లోయర్ భుజానేసుకొని లేపుత.
ఎనిమిది లేన్లు. నాలుగోది మాత్రం
చీపురుతోటి ఊడుస్త.
ఎందుకని అడిగితే సూపర్వైజరుకు ఒకటి చెప్త,
మీకొకటి.

ఆమె పేరు ముజ్నా.
వానమబ్బు అని అర్థమట.
నేను భీంగల్ మనిషిని,
మబ్బును నమ్మి మూడుసార్లు మక్కలేసినోన్ని,
ఆ పేరు వినంగనే జర భయమైంది.
లింబాద్రి అని నా పేరు చెప్తే
"లూమి!" అని నవ్వింది.
అంటే ఎండిన నిమ్మకాయ,
చాపల కూరల ఏస్తరు, నల్లగ, గట్టిగ, లోపల డొల్లగ.
పేరు కుదిరింది. పదకొండేండ్లాయె.

పడవలు చెక్కేటోళ్ళ బిడ్డ.
మొదటిసారి వచ్చినప్పుడు పద్నాలుగేండ్లు,
కాళ్ళకు స్పైకులు లెవ్వు,
తలగుడ్డకు రెండు పిన్నులు.
బ్లాకు నేనే పెట్టిన:
ముందుకాలు గీతకు రెండడుగులు,
ఎనకకాలు ఇంకో జానెడు మీద నాలుగేళ్ళు.
తర్వాత కోచులు మారిన్రు, కొలతలు మారినయి.
నా చెయ్యి మాత్రం మర్సిపోలే.

గాలిమీటరు గూడ నా పనే.
ఆ సాయంత్రం బోర్డు మీద
పదకొండు పాయింటు రెండు ఏడు.
జనం లేసి నిలబడ్డరు.
ఆమె జనం దిక్కు పోలే,
సక్కగ నా దగ్గరికి ఉరికొచ్చింది.
"గాలి ఎంత?"
రెండు దాక మాఫీ.
నా నోట మాట రాలే, వేళ్ళు చూపిన.
రెండు. జరసేపాగి, మూడు.
సముద్రం ఎనకనుంచి నెట్టిందని
ఆ పరుగును బుక్కుల రాయలే.
మీటరును ఇసిరికొట్టాలనిపించింది.
తుడిచి పెట్టెల పెట్టిన.

మరుసటేడు ఆసియాల కంచు.
కార్నిష్ పొడుగున హారన్లే హారన్లు,
మా క్యాంపుకు గూడ ఎవలో హల్వా డబ్బా పంపిన్రు.
పన్నెండు మందిమి ఒక్క చెంచతోటి తిన్నం.

నా వీసా రెండేండ్లకోసారి,
ఆమె ఒలింపిక్సు నాలుగేండ్లకోసారి.
రెండు స్టాంపులకు ఒక్క పరుగు.
బియ్యం డబ్బాకు ఫోనానించి
ఊపిరి బిగబట్టి కూసున్నం.
గన్ను పేలింది.
పేలినంక ఎనిమిది నూరోవంతులకు ఆమె కాలు లేచింది.
పదికి తక్కువైతే తప్పేనట,
అంత లోపల మనిషి చెవికి వినబడదట.
"వినబడ్డది గదా మరి!" అని
సిరిసిల్ల సాయిలు మంచం మీదికెళ్ళి అరిసిండు.
ఎర్రకార్డు.
మిగిలినోళ్ళు ఉరికి పోయినంక గూడ
ఆమె తన ఖాళీ లేను దిక్కే చూసుకుంట నిలబడ్డది,
బస్సు పోయినంక రోడ్డును చూసినట్టు.

ఆ చలికాలమే తొడనరం తెగింది.
పేపర్లు ఇంకో పిల్ల పేరు నేర్సుకున్నయి.
కట్టు కట్టుకొని మెట్లమీద కూసునేది,
బ్లోయర్ చప్పుడు ఆపమనేది, ఆపేటోన్ని,
ఇద్దరం ఏం మాట్లాడక ఇసుక చూసేటోళ్ళం.

రెండో ఒలింపిక్సుల ఎనిమిది మందిల ఏడు.
ఒక్క హారన్ మోగలే.
నేను ఉరుకుడు చూడనేలేదు, గన్ను కోసమే చూసిన:
పద్నాలుగు నూరోవంతులు ఆగి లేచింది.
ఆగింది, పిచ్చిది, ఆగనేర్సింది.
ఆ రాత్రి నాకు మంచిగ నిద్రపట్టింది.

ఇప్పుడు చిన్నపిల్లలకు నేర్పుతది.
మొన్న పొద్దుమీకి, పిల్లలు పోయినంక,
"లూమి, ఈసారి నువ్వు" అన్నది.
సేఫ్టీ బూట్లతోటే బ్లాకుల కూసున్న,
నా చెయ్యి కొలిచిన కొలతకు నా కాలు అందలే.
ఆమె చప్పట్లు కొట్టంగనే లేచిన.
ఇరవై గజాలు పోయిన్నో లేదో
ఎనకనుంచి నవ్వు:
"ముందే కదిలినవ్!"
రొప్పుకుంట ఎనుకకు తిరిగిన,
"లేదమ్మా, వినే లేచిన" అన్న.

ఆమె నవ్వు ఆగింది.
"నేనూ వినే లేచిన" అన్నది.

గాలి లేదు ఆ పూట.
మీటరు పెట్టెలనే ఉన్నది.